ఇరాన్ 440 కిలోల యురేనియం ఎక్కడుంది? బాంబులు వేశాక చిక్కు తీరిందా, ముదిరిందా?

కుతూహలం | 3 డిసెంబర్ 2025, రాత్రి 8:40

నవంబర్ 20న వియన్నాలో ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) బోర్డు ఇంకో తీర్మానం చేసింది. శుద్ధి చేసిన యురేనియం నిల్వల లెక్క ఆలస్యం చేయకుండా చెప్పమని ఇరాన్‌ని అడిగింది. దాంతో తనిఖీల మీద ఐఏఈఏతో సెప్టెంబర్‌లో కైరోలో కుదిరిన అవగాహన ఇక చెల్లదని ఇరాన్ తేల్చేసింది.

నా సందేహం చిన్నదే. జూన్ 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ మూడు అణు కేంద్రాల మీదా దాడి చేసింది కదా. అంతా తుడిచిపెట్టేశామని ట్రంప్ ఆ రోజే ప్రకటించాడు. అలా అయితే లేనిదానికి లెక్క అడగడమేంటి? ఉంటే ఎక్కడుంది? తెలిసినవాళ్ళు కాస్త విడమరచి చెప్పండి. మతం గొడవలు మాత్రం వద్దు, దండం పెడతాను.

నిప్పుకోడి | రాత్రి 8:52

విడమరచడానికి ఏముంది? 2003లో ఇరాక్ మీద పాడిన పాటే ఇది. అప్పుడూ ఆయుధాలున్నాయన్నారు, దేశాన్ని గుల్ల చేశారు, వెతికితే ఏమీ దొరకలేదు. పక్కనే డిమోనా అణు కేంద్రంలో ఇజ్రాయెల్ ఏం దాచిందో అడిగే నాథుడు లేడు. వాళ్ళు ఎన్‌పీటీ (అణ్వాయుధాలు వ్యాపించకుండా ఆపే ఒప్పందం) మీద సంతకమే పెట్టలేదు. పెట్టినవాడికేమో బాంబులు.

మౌనవ్రతం | రాత్రి 8:55

పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

లెక్కలమాస్టారు | రాత్రి 9:31

నిప్పుకోడి గారూ, ఇజ్రాయెల్ సంగతి ఒప్పుకుంటాను. 1981లో భద్రతా మండలి 487వ తీర్మానంలో ఇజ్రాయెల్‌ని తన కేంద్రాలు ఐఏఈఏ పర్యవేక్షణలో పెట్టమని అడిగింది. ఇప్పటికీ పెట్టలేదు. కానీ ఇరాక్ పోలిక ఇక్కడ అతకదు. 2003లో ఇన్‌స్పెక్టర్లు అక్కడ తిరుగుతూ, అణు కార్యక్రమం ఆనవాళ్ళేమీ దొరకలేదని చెబుతుంటే అమెరికా వినలేదు. ఇక్కడ సరుకు ఉందని చెబుతున్నది ఆ ఇన్‌స్పెక్టర్లే. ఇరాన్ ఇచ్చిన వివరాలు, తమ తనిఖీలు కలిపి వాళ్ళు వేసిన అంచనా ప్రకారం, ఇజ్రాయెల్ దాడి మొదలైన జూన్ 13 నాటికి 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 440.9 కిలోలు. ఇరాన్ ఆ సంఖ్యతో తగువు పెట్టుకోలేదు.

60 శాతం అంటే ఎందుకు ఉలిక్కిపడతారో లెక్కలోనే తెలుస్తుంది. భూమిలోంచి తవ్విన యురేనియంలో 1000 పరమాణువులు తీసుకుంటే పనికొచ్చే యు-235 రకం 7 మాత్రమే. మిగతా 993 తీసేస్తూ పోవడమే శుద్ధి. కరెంటు కోసం 3.5 శాతం కావాలంటే 800 తీసేయాలి. అప్పుడు 200లో 7 ఉంటాయి. 20 శాతానికి ఇంకో 165 తీయాలి, 35లో 7. అక్కడి నుంచి 60 శాతానికి తీయాల్సింది 23 మాత్రమే, 12లో 7. ఇక బాంబుకి కావలసిన 90 శాతానికి? నాలుగు. నాలుగంటే నాలుగే.

బయటికి 60, 90 మధ్య చాలా దూరం కనిపిస్తుంది. యంత్రాల శ్రమలో చూస్తే దారి దాదాపు అయిపోయింది. ఐఏఈఏ కొలమానం ప్రకారం ఈ 60 శాతం సరుకు సుమారు 42 కిలోలుంటే, ఇంకా శుద్ధి చేసి ఒక బాంబుకి సరిపెట్టొచ్చు. 440ని 42తో భాగించుకోండి.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్ | రాత్రి 9:50

మాస్టారూ, మీ లెక్క సరైనదే. కానీ చదివేవాళ్ళు పది బాంబులు సిద్ధంగా ఉన్నాయనుకుంటారు. శుద్ధి చేసే సెంట్రిఫ్యూజు యంత్రాల్లో తిరిగేది యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు. దాన్ని లోహంగా మార్చాలి, గోళంగా మలచాలి, చుట్టూ పేలుడు పదార్థాలు ఒకే క్షణాన పేలేలా అమర్చాలి, తర్వాత అదంతా క్షిపణి తలలో పట్టాలి. దానికి నెలలు పడుతుందని కొందరు, ఏడాది దాటుతుందని ఇంకొందరు అంటారు. లోహంగా మార్చే ఏర్పాట్లు ఇస్ఫహాన్‌లోనే ఉండేవి, జూన్‌లో అవి బాగా దెబ్బతిన్నాయి.

మౌనవ్రతం | రాత్రి 9:53

అంటే మందుగుండు ఉంది, తుపాకీ విరిగింది.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్ | రాత్రి 9:58

ఉందనే అనుకుంటున్నారు. ఎక్కువ భాగం ఇస్ఫహాన్ కొండ కింది సొరంగాల్లో ఉందని ఐఏఈఏ అభిప్రాయం. సిలిండర్లు కూడా పెద్దవేం కావు, ఈతగాళ్ళు వీపుకి కట్టుకునే గాలి బండల్లాంటివి. ఫోర్దో మీద 12, నతాంజ్ మీద 2, మొత్తం 14 జీబీయూ-57 బాంబులు (నేలని తొలుచుకుపోయి పేలేవి) వేశారు. ఒక్కోటి 13 టన్నుల పైమాటే. ఇస్ఫహాన్ సొరంగాల మీద మాత్రం అవి వేయలేదు, క్రూయిజ్ క్షిపణులతో సరిపెట్టారు. దాడికి ముందే సొరంగం ద్వారాలు మట్టితో పూడ్చి ఉన్నట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. ఫోర్దో దగ్గర లారీలు బారులు తీరడమూ కనిపించింది. ఆ లారీలు సరుకు మోశాయా, మట్టి మోశాయా అన్నది ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చెబుతున్నారు.

పాతపేపరు | 4 డిసెంబర్, ఉదయం 6:10

కుర్రాళ్ళంతా జూన్ నుంచే మొదలుపెట్టారు. కాస్త వెనక్కి వెళ్దాం.

ఇరాన్‌కి అణువు రుచి చూపించింది అమెరికాయే. 1957లో షా ప్రభుత్వంతో ఒప్పందం, 1967లో టెహ్రాన్‌లో 5 మెగావాట్ల పరిశోధన రియాక్టర్. దానికి ఇంధనంగా 93 శాతం శుద్ధి చేసిన యురేనియం కూడా వాళ్ళే ఇచ్చారు. ఇవాళ 60 అంటే గుండెలు బాదుకుంటున్నవాళ్ళు అప్పట్లో 93 చేతికిచ్చారన్నమాట. 1970లో ఇరాన్ ఎన్‌పీటీని ఆమోదించింది. 1975లో జర్మన్లు బుషెహర్‌లో కరెంటు కేంద్రం కట్టడం మొదలెట్టారు. 1979లో విప్లవం రాగానే జర్మన్లు సామాను సర్దుకున్నారు. ఫ్రాన్స్‌లోని యూరోడిఫ్ శుద్ధి కర్మాగారంలో ఇరాన్‌కి 10 శాతం వాటా ఉండేది, బిలియన్ డాలర్ల అప్పు కూడా ఇచ్చింది. విప్లవం తర్వాత అక్కడి నుంచి ఒక్క గ్రాము రాలేదు. 1980ల యుద్ధంలో ఇరాక్ బుషెహర్‌ని పలుమార్లు బాంబులతో కొట్టింది. చివరికి రష్యా వాళ్ళు పూర్తి చేసి 2011లో గ్రిడ్‌కి కలిపారు.

ఇతరులిచ్చే ఇంధనాన్ని నమ్ముకోలేమని టెహ్రాన్ అనడంలో ఈ యూరోడిఫ్ గాయం ఉంది. అది అబద్ధపు సాకు కాదు.

అయితే వాళ్ళు చేసిన పని కూడా చెప్పాలి. 1980ల చివర్లో పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ ముఠా దగ్గర సెంట్రిఫ్యూజుల నమూనాలు గుట్టుగా కొన్నారు. 2002 ఆగస్టులో ప్రవాస ప్రతిపక్షం వాళ్ళు నతాంజ్, అరాక్ అణు కేంద్రాల గుట్టు బయటపెట్టేదాకా ప్రపంచానికి చెప్పలేదు. ఫోర్దో కూడా అంతే. కోమ్ దగ్గర కొండ తొలిచి కడుతున్న సంగతిని 2009 సెప్టెంబర్‌లో ఒబామా, సర్కోజీ, బ్రౌన్ ముగ్గురూ కలిసి బయటపెట్టారు. అది జరగబోతోందని పసిగట్టి నాలుగు రోజుల ముందు ఇరాన్ ఐఏఈఏకి ఉత్తరం ముక్క రాసి పడేసింది. నిజంగా కరెంటు కోసమే అయితే కొండ కింద ఎందుకు? దీనికి మాత్రం నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.

నిప్పుకోడి | ఉదయం 8:05

జవాబు జూన్‌లో దొరికిందిగా! పైన కట్టినవాటిని ఇజ్రాయెల్ నిమిషాల్లో కొట్టేసింది. 1981లో ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టర్‌ని ఇజ్రాయెల్ కొట్టింది చూసినవాడెవడైనా కొండ కిందే కడతాడు.

లెక్కలమాస్టారు | ఉదయం 8:22

కొండ కింద కట్టడం తప్పు కాదు, చెప్పకుండా కట్టడమే తప్పు. ఇంకో సంగతి, బుషెహర్‌కి ఇంధనం రష్యా నుంచే వస్తుంది. దానికి ఇరాన్ శుద్ధి చేసిన యురేనియం అక్కర్లేదు. టెహ్రాన్ రియాక్టర్‌కి 20 శాతం చాలు. మరి 60 దేనికి? అణ్వాయుధాలు లేని దేశాల్లో 60 శాతం తయారు చేసింది ఇరాన్ ఒక్కటే.

నిప్పుకోడి | ఉదయం 8:41

60 ఎప్పుడు మొదలైందో అది కూడా చెప్పండి మాస్టారూ, సగం చెప్పి ఆపేస్తే ఎలా? 2015 జూలై 14న వియన్నాలో అమెరికా సహా ఆరు దేశాలతో ఒప్పందం కుదిరింది. 19 వేల సెంట్రిఫ్యూజుల్ని 6 వేల చిల్లరకి దించారు. శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు. అరాక్ రియాక్టర్ గుండెలో కాంక్రీటు పోయించారు. అన్నిటికీ ఇరాన్ ఒప్పుకుంది, చేసింది, ఐఏఈఏ మాటిమాటికీ ఔనంది. 2018 మే 8న ఎవరు బయటికి పోయారు? ట్రంప్. ఇరాన్ ఆ తర్వాత కూడా ఏడాది ఆగింది. 60 శాతం మొదలైంది 2021 ఏప్రిల్‌లో, నతాంజ్‌లో విద్రోహం జరిగిన వారంలో. అంతకుముందు నవంబర్‌లో వాళ్ళ శాస్త్రవేత్త మొహ్సెన్ ఫక్రీజాదేని నడిరోడ్డు మీద చంపారు.

మాట తప్పింది ఒకడు, దోషి ఇంకొకడా?

చమురుదీపం | ఉదయం 10:15

దీనికో డబ్బు కోణం ఉంది. 2015 ఒప్పందం నాడు బయటి మార్కెట్లో డాలరుకి 32 వేల రియాళ్ళ చిల్లర. ఇప్పుడు 10 లక్షలు దాటింది. జీతం మీద బతికే ఇరానీయుడి పరిస్థితి ఊహించుకోండి. ఆగస్టు 28న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ స్నాప్‌బ్యాక్ (పాత ఐరాస ఆంక్షల్ని తిరిగి తెచ్చే 2015 ఒప్పందపు నిబంధన) మీట నొక్కాయి. ఆరు నెలలు ఆగుదామని రష్యా, చైనా తెచ్చిన తీర్మానం మండలిలో 4-9 తేడాతో వీగిపోయింది. సెప్టెంబర్ 27 రాత్రితో 2006 నుంచి 2010 దాకా పెట్టిన ఐరాస ఆంక్షలన్నీ తిరిగొచ్చాయి. ఈ మీటకి వీటో పనిచేయదు. ఒప్పందం రాసిన రోజున అదో గొప్ప తెలివనుకున్నారు. రష్యా, చైనా మాత్రం ఆ ఆంక్షలు చెల్లవంటున్నాయి. ఒకే ఐరాస, రెండు చట్టాలు.

మన దేశం కూడా 2019 మే తర్వాత ఇరాన్ చమురు కొనడం ఆపేసింది. అప్పటిదాకా చైనా తర్వాత పెద్ద కొనుగోలుదారు మనమే.

కుతూహలం | ఉదయం 11:02

ఓట్ల విషయంలో మన వైఖరేంటి?

పాతపేపరు | ఉదయం 11:20

కాలాన్ని బట్టి. 2005 సెప్టెంబర్‌లో, 2006 ఫిబ్రవరిలో ఐఏఈఏ బోర్డులో ఇరాన్‌కి వ్యతిరేకంగా వేశాం. అమెరికాతో పౌర అణు ఒప్పందం మాట్లాడుకుంటున్న రోజులవి, అర్థం చేసుకోండి. 2025 జూన్ 12న ఇరాన్ తన బాధ్యతలు పాటించలేదన్న తీర్మానం మీద మాత్రం తటస్థంగా ఉన్నాం. ఆ రోజు 19 అనుకూలం, 3 వ్యతిరేకం, 11 తటస్థం. మర్నాడు తెల్లవారకముందే ఇజ్రాయెల్ విమానాలు లేచాయి.

రిటైర్డ్_ఇంజినీరు | రాత్రి 7:48

పొద్దుటి నుంచి చదువుతున్నాను. ఎవరిది తప్పు అన్నచోటే తిరుగుతున్నారు. ఇరవై ఏళ్ళుగా దౌత్యవేత్తలు కూడా అక్కడే తిరుగుతున్నారు కాబట్టి మిమ్మల్ని అనడానికి లేదు. నాకు మాత్రం 440 కిలోలకన్నా భయం కలిగించేది వేరే ఉంది. చూపు పోయింది. అది బాంబులు పడకముందే పోయింది.

తనిఖీ ఎలా జరుగుతుందో చెబితే అర్థమవుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి సిలిండరు బరువు తూస్తాడు. గామా కిరణాల్ని కొలిచే పరికరంతో శుద్ధి ఎంత శాతమో చూస్తాడు. సీలు వేస్తాడు. గదిలో కెమెరా పెడతాడు. తర్వాత ఓ నూలుగుడ్డతో గొట్టాల్నీ, గోడల్నీ, గచ్చునీ తుడిచి, దాన్ని కవర్లో పెట్టి వియన్నా దగ్గర సైబర్స్‌డార్ఫ్ ల్యాబ్‌కి పంపుతాడు. చివరి పని చూడ్డానికి ఇల్లు తుడిచే పనిలా ఉంటుంది కానీ అన్నిటికన్నా పదునైనది అదే. 2003లో టెహ్రాన్‌లోని కలాయే ఎలక్ట్రిక్ అనే చోటికి ముందు రానివ్వలేదు. నెలల తర్వాత రానిచ్చేసరికి లోపలంతా మార్చేసి ఉంది. అయినా ఆ గుడ్డలకి బాగా శుద్ధి చేసిన యురేనియం రేణువులు అంటుకున్నాయి. వాటి ఆనుపానులు తీస్తే చాలామటుకు పాకిస్తాన్ నుంచి వచ్చిన పాత పరికరాలకి చేరాయి. ఖాన్ ముఠా కథకి బలమైన సాక్ష్యాల్లో అదొకటి. 2023 మొదట్లో ఫోర్దోలో 83.7 శాతం రేణువులు కనిపించిందీ ఇలాగే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2015 ఒప్పందంలో నాకు నచ్చింది యురేనియం పరిమితి కాదు. సెంట్రిఫ్యూజు విడిభాగాలు చేసే వర్క్‌షాపుల్లో కూడా కెమెరాలు పెట్టడం. సరుకుని లెక్కపెట్టడం సులువు, యంత్రాన్ని పుట్టినచోటే లెక్కపెట్టడం కష్టం. 2021 ఫిబ్రవరిలో ఇరాన్ అదనపు ప్రోటోకాల్ (ప్రకటించని చోట్లని కూడా చూడనిచ్చే ఏర్పాటు) పాటించడం ఆపేసింది. 2022 జూన్‌లో 27 కెమెరాలు పీకించింది. అప్పటి నుంచి ఎన్ని సెంట్రిఫ్యూజులు తయారయ్యాయో, ఎక్కడ పెట్టారో బయటివాళ్ళకి తెలియదు. ఆ లెక్క మళ్ళీ అతికించడం ఇక కుదరదని ఐఏఈఏయే రాసింది.

మాస్టారు చెప్పిన 'నాలుగు పరమాణువులు' దీనికి జోడించండి. 60 నుంచి 90కి వెళ్ళడానికి నతాంజ్ అంత కర్మాగారం అక్కర్లేదు. ఒకట్రెండు వరసల కొత్తరకం యంత్రాలు చాలు, ఓ మోస్తరు గోదాములో పట్టేస్తాయి. అందుకే 440 కిలోలు ఎక్కడున్నాయన్నది ఎంత ముఖ్యమో, లెక్కకి రాని యంత్రాలు ఎక్కడున్నాయన్నదీ అంతే ముఖ్యం. మొదటిదాని గురించి పత్రికలు రాస్తున్నాయి. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు.

బాంబులు దీన్ని ఇంకా పాడుచేశాయి. ఇరాన్ రేపు నిజాయితీగా తలుపులు తెరిచిందనే అనుకుందాం. శిథిలాల కింద ఎంత ఉంది, ఎంత వాయువు గాలిలో కలిసింది, ఎంత తరలించారు, ఏ గుడ్డతో తుడిచి చెబుతారు? దక్షిణాఫ్రికా ఆరు బాంబులు చేసి, తానే విప్పేసి, 1991లో ఎన్‌పీటీలో చేరి, 1993లో ఆ సంగతి బయటపెట్టింది. ఆ దేశం తన ఉత్పత్తి రిజిస్టర్లన్నీ ముందు పెట్టింది. కర్మాగారం బాంబుల పాలు కాలేదు, మనసు కూడా కుదిరింది. అయినా లెక్క తేల్చడానికి ఐఏఈఏకి చాలా శ్రమ పట్టింది. ఇక్కడ కర్మాగారం కూలింది, మనసు విరిగింది.

ఎమ్మెస్సీ_ఫిజిక్స్ | రాత్రి 8:09

సార్, కొంచెం అడ్డొస్తున్నాను. చూపు పూర్తిగా పోయిందనడం ఎక్కువేమో. ఆగస్టులో ఇన్‌స్పెక్టర్లు బుషెహర్‌కి తిరిగొచ్చారు. దాడి జరగని కేంద్రాల్లో తనిఖీలు జరుగుతున్నాయి. ఉపగ్రహాలున్నాయి. గూఢచారుల సంగతి చెప్పక్కర్లేదు, 2018లో టెహ్రాన్ గోదాములోంచి అణు దస్త్రాలే ఎత్తుకుపోయింది ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ మొసాద్.

రిటైర్డ్_ఇంజినీరు | రాత్రి 8:25

బుషెహర్‌లో చూడ్డానికి దాపరికమేముంది బాబూ? వెలుతురున్నచోట వెతుకుతున్నారు. నతాంజ్‌కి దక్షిణాన కొత్తగా తొలుస్తున్న కొండ ఉంది, పని సాగుతున్నట్టు ఉపగ్రహాలు చూపిస్తున్నాయి. లోపల ఏముందో ఉపగ్రహం చెప్పదు. ఇక గూఢచారుల మాట బోర్డు ముందు సాక్ష్యంగా నిలవదు. నిలిచినా ఇరాన్‌కి వ్యతిరేకంగానే వాడతారు తప్ప, 'వీళ్ళు తప్పు చేయలేదు' అని చెప్పడానికి ఏ గూఢచారి సంస్థా ముందుకు రాదు. ఇన్‌స్పెక్టరు ఒక్కడే ఇరాన్ నిర్దోషి అని కూడా చెప్పగలవాడు. వాణ్ణి బయటికి పంపడం ఇరాన్‌కే నష్టం.

నిప్పుకోడి | రాత్రి 8:44

మీరు చెప్పింది విన్నాను సార్, చాలావరకు ఒప్పుకుంటాను. కానీ టెహ్రాన్‌లో కూర్చున్నవాడి వైపు నుంచి చూడండి. 2003లో లిబియా గడాఫీ తన అణు సరంజామా అంతా అప్పగించాడు, 2011లో ఏమయ్యాడు? అదే 2003లో ఉత్తర కొరియా ఎన్‌పీటీ నుంచి బయటికి నడిచింది, 2006 అక్టోబర్ 9న పరీక్ష జరిపింది. తర్వాత దాన్ని తాకినవాడు లేడు, ట్రంప్ వెళ్ళి చేయి కలిపాడు. ఇన్‌స్పెక్టర్లని రానిచ్చిన ఇరాన్ మీద ఆ ఇన్‌స్పెక్టర్ల నివేదికే చేతబట్టుకుని బాంబులు వేశారు. ఇందులో ఎవరైనా నేర్చుకునే పాఠం ఏంటి?

పాతపేపరు | రాత్రి 9:10

ఆ పాఠం ఇరాక్ నేర్చుకుంది లెండి. ఒసిరాక్‌ని కొట్టాక సద్దాం గుట్టుగా ఇంకా పెద్ద కార్యక్రమం మొదలెట్టాడు. 1991 యుద్ధం తర్వాత అది చూసి ఐఏఈఏ నివ్వెరపోయింది. ప్రకటించిన కేంద్రాల్ని మాత్రమే చూస్తే చాలదని తెలిసొచ్చి 1997లో అదనపు ప్రోటోకాల్ తెచ్చారు. ఇంజినీరు గారు చెప్పిన, ఇరాన్ ఆపేసిన ప్రోటోకాల్ అదే. చుట్టు తిరిగి అక్కడికే వచ్చాం.

చమురుదీపం | రాత్రి 9:22

ఉత్తర కొరియా పోలిక నిప్పుకోడి గారు సులువుగా వాడారు. ప్యాంగ్యాంగ్‌కి చైనా సరిహద్దు ఉంది, సియోల్ మీదికి గురిపెట్టిన ఫిరంగులున్నాయి. ఇరాన్‌కి ఆ రెండూ లేవు. పైగా ఇరాన్ చమురు అమ్ముకుని బతకాలి, ఆకాశం ఇజ్రాయెల్‌కి తెరిచిన పుస్తకమైంది. బాంబు వైపు పరుగు మొదలెడితే అది పూర్తయ్యేలోపే మళ్ళీ దాడి జరుగుతుంది. వాళ్ళకీ ఇది తెలుసు. అందుకే చేయకుండా, చేయగలం అన్నట్టు అంచున నిలబడి బేరమాడటం ఇన్నాళ్ళూ పనిచేసింది. జూన్‌తో ఆ అంచు విరిగింది.

కుతూహలం | 5 డిసెంబర్, ఉదయం 7:30

ఎన్‌పీటీ నుంచి ఇరాన్ కూడా బయటికొచ్చేస్తే?

లెక్కలమాస్టారు | ఉదయం 7:55

10వ అధికరణ ప్రకారం మూడు నెలల నోటీసిచ్చి రావొచ్చు. పార్లమెంటులో ఆ మాట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. కానీ ఇప్పటిదాకా వాళ్ళ వాదన అంతా ఎన్‌పీటీ 4వ అధికరణ ఇచ్చిన శాంతియుత అణుశక్తి హక్కు మీదే నిలబడింది. బయటికొస్తే ఆ హక్కు మాట పోతుంది, రష్యా, చైనాలకి కూడా వెనకేసుకురావడం కష్టమవుతుంది. రారనే నా అంచనా. లోపల ఉంటూనే తలుపు వేసుకుంటారు.

రిటైర్డ్_ఇంజినీరు | ఉదయం 9:12

ఇప్పుడు శుద్ధి ఏమీ జరగడం లేదని ఇరాన్ విదేశాంగ మంత్రి అరాగ్చీ నవంబర్‌లో చెప్పాడు. నిజమే అయి ఉండొచ్చు. నేనైతే ఒకదానికోసమే చూస్తాను: ఇస్ఫహాన్ సొరంగంలోకి ఓ ఇన్‌స్పెక్టరు తూకం యంత్రంతో అడుగుపెట్టాడా లేదా. తీర్మానాలు ఎన్నయినా రానీండి.

నిప్పుకోడి | ఉదయం 9:20

తూచి వెళ్ళిన మర్నాడే ఆ చోటు మీద విమానాలు రావని ఎవరు రాసిస్తారు సార్?

లెక్కలమాస్టారు | ఉదయం 9:41

ఐఏఈఏ రాసివ్వలేదు. రాసివ్వగలిగింది వాషింగ్టన్ ఒక్కటే. 2015లో వాషింగ్టన్ ఒప్పుకున్న కాగితం మూడేళ్ళు కూడా నిలవలేదని టెహ్రాన్‌కి గుర్తుంది. ఐరోపా వాళ్ళు స్నాప్‌బ్యాక్ కూడా వాడేశాక బేరానికి వాళ్ళ చేతిలో ఏం మిగిలిందో చమురుదీపం గారు చెబితే వినాలనుంది.

చమురుదీపం | ఉదయం 10:30

పెద్దగా ఏమీ లేదు మాస్టారూ. వాడనంతకాలమే ఆ మీటకి విలువ. వాడాక ఇరాన్‌ని బెదిరించడానికి కొత్తది లేదు, ఊరించడానికి డబ్బూ లేదు. ఇక మాట్లాడితే అమెరికాయే మాట్లాడాలి. ఇరాన్ గడ్డ మీద శుద్ధి సున్నా అంటోంది అమెరికా, సున్నా అయితే రామంటోంది ఇరాన్. జూన్ దాడికి ముందు ఒమన్ మధ్యవర్తిత్వంలో ఐదు విడతలు కూర్చున్నప్పుడూ చర్చ చిక్కుకుంది ఈ సున్నా దగ్గరే.